కారుకి ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బులు వేయించా... మూడు నెలలకే ఎందుకు పీకేశానంటే

ముందే చెప్పేస్తున్నా, ఇది బల్బు రివ్యూ కాదు. చివర్లో ఐదుకి ఇన్ని స్టార్లు అని రేటింగ్ ఇచ్చే ఆర్టికల్ అంతకన్నా కాదు. సొంత డబ్బు పెట్టి కొని, సొంత కారుకి బిగించి, మూడు నెలలు మురిసిపోయి, ఆఖరికి నా చేత్తో నేనే పీకేసిన ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బుల కథ ఇది. కార్టులో ఇలాంటి జత ఒకటి పెట్టుకుని, సేల్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్న ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే, పేమెంట్ బటన్ నొక్కే ముందు ఒక్క పది నిమిషాలు ఇది చదవండి.

అసలు ఎందుకు వేయించాను?

నాది ఏడేళ్ల పాత హ్యాచ్‌బ్యాక్, బేస్ వేరియంట్. హెడ్‌లైట్‌లో హెచ్4 హాలోజన్ బల్బు, చుట్టూ రిఫ్లెక్టర్. అంతే. అదే మోడల్ టాప్ వేరియంట్‌కి ప్రొజెక్టర్ ఇచ్చిన కంపెనీ, మనకి మాత్రం పసుపు రంగు దీపం ఇచ్చింది. శనివారం సాయంత్రం ఆఫీసు అయ్యాక హైదరాబాద్‌లో బయల్దేరితే, సూర్యాపేట దాటేసరికి చీకటి పడిపోతుంది. హైవే దిగాక మా ఊరికి 11 కిలోమీటర్ల సింగిల్ రోడ్డు. స్ట్రీట్ లైట్ ఒక్కటి ఉండదు, మధ్యలో తెల్ల గీత ఉండదు. వాన పడి రోడ్డు తడిసిందంటే, హాలోజన్ వెలుతురు ఎక్కడ పడుతోందో కూడా తెలియదు. టెయిల్ ల్యాంప్ లేని ట్రాలీతో ట్రాక్టర్ ముందు పోతుంటే, దాని దగ్గరికి వెళ్లేదాకా కనబడదు.

కాబట్టి ఎల్ఈడీ వేయించుకునేవాళ్లందరూ షోకు కోసమే వేయించుకుంటారంటే నేను ఒప్పుకోను. నాకు నిజంగానే రోడ్డు కనబడలేదు. కనబడాలనే కొన్నాను.

ఆన్‌లైన్‌లో జత 2,800 రూపాయలు పడింది. బాక్స్ మీద 20,000 ల్యూమెన్లు, 6,500 కెల్విన్, ప్లగ్ అండ్ ప్లే అని పెద్ద అక్షరాలు. బిగించడం కూడా నిజంగా ఈజీనే, పావుగంట పని. ఒక్కటే ఇబ్బంది. బల్బు వెనక ఫ్యాన్ ఉండటంతో హెడ్‌లైట్ వెనక ఉండే రబ్బరు క్యాప్ మూసుకోలేదు. "ఏం కాదులే" అనుకుని దాన్ని తీసి డిక్కీలో పడేశా. ఆ రాత్రి లైట్ వేస్తే, అబ్బో, కారు ముందు పట్టపగలే. స్టేటస్ పెట్టా. ముగ్గురు ఫ్రెండ్స్ లింక్ అడిగారు, పంపా. ఇప్పుడు తలుచుకుంటే అదే ఎక్కువ బాధగా ఉంటుంది.

బావ బండి మీద ఆ రాత్రి

కోతలైపోయిన రోజులవి. మన ఊళ్ల సంగతి తెలిసిందే కదా, కల్లాలు సరిపోక వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లు, మిగతా సగం మనకి. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. పొద్దుపోయాక కుప్ప చేసి పరదా కప్పుతారు, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి.

ఆ రోజు మా ఇంట్లో ఫంక్షన్. మా అమ్మమ్మని పక్క ఊళ్లో దింపాలంటే బావ నా కారు తీసుకుని వెళ్లాడు. కొత్త లైట్లు ట్రై చేద్దామని ఆయనకీ సరదా. తర్వాత ఐస్‌క్రీం డబ్బాలు తేవడానికి నేను ఆయన బైక్ మీద అదే రోడ్డులో బయల్దేరా. సగం దారిలో కారు ఎదురొచ్చింది. అది నా కారే అని మొదట నేను గుర్తుపట్టలేదు, ఎందుకంటే అక్కడ కారే కనబడలేదు. తెల్లటి గోడ ఒకటి నా మీదకి వస్తోంది, అంతే. ఎవడో హై బీమ్‌లో వస్తున్నాడనుకుని డిప్పర్ కొట్టా. దానికి జవాబుగా ఆ వెలుతురు ఇంకా పెరిగింది. అంటే అప్పటిదాకా నా కళ్లలో పడింది లో బీమ్ అన్నమాట!

బ్రేక్ వేశా. ముందు చక్రం రాయెక్కింది. బైక్ ఒక పక్కకి ఒరిగింది, కాలు ఆనించి ఎలాగో ఆపుకున్నా. కారు దాటిపోయాక కాసేపటికి కళ్లు కుదుటపడ్డాయి. చూస్తే వడ్ల కుప్ప, దాని పక్కనే నులక మంచం. మంచం మీద కాపలాకి పడుకున్న పెద్దాయన. నా చక్రానికీ ఆయన మంచం కోడుకీ మధ్య మూడు నాలుగు అడుగులు కూడా లేవు.

ఆయన లేచి కూర్చుని, "ఏందయ్యా, మనిషి కనబడతలేడా?" అన్నాడు.

"లేదు తాతా, నిజంగానే కనబడలేదు" అన్నా.

బావ కారు ఆపి వెనక్కి నడిచొచ్చాడు. "హై బీమ్‌లో ఎందుకొచ్చావు బావా?" అని అడిగితే, "నేనెక్కడ వేశాన్రా? నువ్వు డిప్పర్ కొట్టాక కోపమొచ్చి వేశా. అప్పటిదాకా లో బీమే" అన్నాడు. మూడు నెలలుగా ఆ రోడ్డు మీద నాకు ఎదురొచ్చిన ప్రతి బైక్ వాడికీ నేను చూపించింది ఇదే. వాళ్లు డిప్పర్ కొడితే "వీడికేం రోగం" అని నేను తిట్టుకున్న రోజులు కూడా ఉన్నాయి.

హెడ్‌లైట్ అంటే ఒక్క బల్బే కాదు

తిరిగి వచ్చాక, మనకి అలవాటైన పని చేశా: అసలు ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం. ఫోన్ కెమెరా గురించి తెలిసినవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. సెన్సర్ ఎంత పెద్దదైనా, లెన్స్ ముందు అది సరైన చోట కూర్చోకపోతే ఫోటో మసకబారుతుంది. హెడ్‌లైట్ కూడా అచ్చం అంతే, కాకపోతే ఉల్టాగా. ఇక్కడ వెలుతురు లోపలి నుంచి బయటికి వెళ్తుంది.

హెచ్4 హాలోజన్ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. ఒకటి హై బీమ్‌కి, 60 వాట్లు. రెండోది లో బీమ్‌కి, 55 వాట్లు. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న దొప్ప లాంటి లోహపు ముక్క ఉంటుంది. బల్బుని చేతిలోకి తీసుకుని చూస్తే మీకే కనిపిస్తుంది. దాని పనల్లా ఒక్కటే, రిఫ్లెక్టర్ కింది సగం మీద వెలుతురు పడకుండా ఆపడం. పై సగం మీద పడిన వెలుతురు కిందకి, అంటే రోడ్డు మీదకి మళ్లుతుంది. అందుకే గోడ మీద లో బీమ్ వేస్తే పైన చీకటి, కింద వెలుతురు, మధ్యలో ఒక గీత కనిపిస్తాయి. ఆ గీతనే కటాఫ్ అంటారు. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి, కుడివైపు, అంటే ఎదుటి బండి వచ్చే వైపు గీత అడ్డంగా ఉంటుంది. ఎడమవైపు మాత్రం కాస్త పైకి లేస్తుంది, రోడ్డు అంచున నడిచేవాళ్లు, బోర్డులు కనబడటానికి.

ఇదంతా పనిచేయాలంటే వెలుతురు పుట్టే చోటు మిల్లీమీటరు కూడా అటూ ఇటూ కాకూడదు. ఫిలమెంట్ సన్నటి స్ప్రింగ్ లాంటిది, చుట్టూ అన్ని వైపులకీ వెలుగు ఇస్తుంది. రిఫ్లెక్టర్‌లోని ప్రతి వంపూ దాన్ని దృష్టిలో పెట్టుకునే చేశారు. ఎల్ఈడీ బల్బులో అలా కాదు. ఒక పలక, దానికి రెండు పక్కలా బల్లపరుపు చిప్‌లు. వెలుతురు అటూ ఇటూ మాత్రమే కొడుతుంది. పలక మందం వల్ల రెండు పక్కల చిప్‌ల మధ్య దూరం వస్తుంది. దొప్ప ఉండాల్సిన చోట ఏదో రేకు ముక్క ఉంటుంది, అది ఎంత కరెక్ట్‌గా ఉందన్నది తయారుచేసినవాడి దయ. చిప్ ఒక్క మిల్లీమీటరు జరిగినా రిఫ్లెక్టర్ ఆ తప్పుని దూరం పోయేకొద్దీ పెంచుకుంటూ పోతుంది. మన కారు ముందు కనిపించని తేడా, యాభై మీటర్ల అవతల ఎదుటివాడి కళ్లలో పడుతుంది.

ఫోన్‌తోనే చేసిన గోడ టెస్ట్

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో గోడకి 10 మీటర్ల దూరంలో కారు పెట్టా. ఒక వైపు పాత హాలోజన్, రెండో వైపు ఎల్ఈడీ. ఒకదాన్ని కప్పి ఇంకోదాన్ని వెలిగిస్తూ, ఫోన్‌ని ట్రైపాడ్ మీద పెట్టి, ప్రో మోడ్‌లో ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ మూడూ లాక్ చేసి ఫోటోలు తీశా. ఇది ముఖ్యం. చాలా వీడియోల్లో బిఫోర్, ఆఫ్టర్ చూపించేటప్పుడు కెమెరా ఆటోలో ఉంటుంది. సీన్ మారితే ఎక్స్‌పోజర్ కూడా మారిపోతుంది. పైగా ఆ వీడియోలన్నీ డ్రైవర్ సీటు వైపు నుంచే తీస్తారు. ఎదురుగా నిలబడి తీసిన వీడియో నాకు ఒక్కటీ తగల్లేదు.

నా ఫోటోల్లో హాలోజన్ వైపు కటాఫ్ గీత శుభ్రంగా ఉంది. ఎల్ఈడీ వైపు గీత కరిగిపోయినట్టు అయింది. గీత పైన నల్లగా ఉండాల్సిన గోడ మీద తెల్లటి మరకలు, కుడివైపు ఒక ముద్ద. సరిగ్గా ఎదుటి డ్రైవర్ ముఖం ఉండే చోటు.

ఇంకో విషయం కూడా తెలిసింది. ఎల్ఈడీ వేస్తే కారుకి దగ్గరి నేల చాలా ఎక్కువగా వెలుగుతోంది. మనకి "వావ్" అనిపించేది ఆ దగ్గరి వెలుతురు చూసే. కానీ దగ్గర అంత వెలుగు ఉంటే మన కంటిపాప చిన్నదైపోతుంది. దాంతో దూరంగా ఉన్న చీకటి ఇంకా చీకటిగా కనిపిస్తుంది. గంటకి 80 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి 22 మీటర్లు. చూసి, తెలుసుకుని, బ్రేక్ మీద కాలు వేసేసరికే సెకనున్నర, అంటే 33 మీటర్లు పోతాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేక్ వేసినా ఆగడానికి ఇంకో 35 మీటర్ల దాకా కావాలి. కాబట్టి మనల్ని కాపాడేది బంపర్ ముందు పది మీటర్ల వెలుతురు కాదు, 70 మీటర్ల అవతల ఉన్న ట్రాలీని చూపించే వెలుతురు. నేను 2,800 పెట్టి కొన్నది మొదటి రకం.

ఎదుటివాడి లెక్క కూడా వేద్దాం. 60 స్పీడ్‌లో వచ్చే బైక్ వాడికి నా లైట్ వల్ల మూడు సెకన్లు ఏమీ కనబడలేదనుకోండి, ఆ మూడు సెకన్లలో అతను 50 మీటర్లు గుడ్డిగా నడిపినట్టే. ఆ 50 మీటర్లలో గుంత ఉండొచ్చు, గేదె ఉండొచ్చు, నులక మంచం ఉండొచ్చు.

20,000 ల్యూమెన్లు: మళ్లీ పీఎంపీఓ వాట్లే

పాత రోజుల్లో హోమ్ థియేటర్ డబ్బాల మీద 2,000 వాట్ల పీఎంపీఓ అని రాసేవాళ్లు గుర్తుందా? వెనక అడాప్టర్ చూస్తే 30 వాట్లు ఉండేది. ఇదీ అదే బాపతు.

హెచ్4 హాలోజన్‌కి అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 13.2 వోల్టుల దగ్గర లో బీమ్‌కి 1,000 ల్యూమెన్లు, హై బీమ్‌కి 1,650 ల్యూమెన్లు, 15 శాతం అటూ ఇటూ. ఇంత పెద్ద చట్రంలోకి 20,000 అనే అంకె ఎక్కడ పడుతుంది? మా ఏరియా ఆటో ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర మీటర్ పెట్టి చూస్తే నా బల్బు ఒక్కోటి 20 వాట్ల చుట్టూ తీసుకుంటోంది. ఇలాంటి ఎల్ఈడీలో వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు వేసుకుంటే, ఒక్కోటి 2,000 ల్యూమెన్లు. రెండూ కలిపినా 4,000. అది కూడా స్విచ్ వేసిన మొదటి నిమిషంలో. ఎల్ఈడీ చిప్ వేడెక్కేకొద్దీ వెలుగు తగ్గుతుంది. గేమ్ ఆడుతుంటే ఫోన్ థ్రాటిల్ అయినట్టే. మే నెల ఎండలో ఇంజన్ పక్కన, గాలి ఆడని డబ్బాలో, వేలెడంత ఫ్యాన్ ఎంతని చల్లబరుస్తుంది?

నిజానికి ఆ 20,000 అబద్ధం కావడమే మన అదృష్టం. నిజమైతే ఎదుటివాళ్ల పరిస్థితి ఏంటో ఊహించుకోండి.

తెలుపంటే మంచిదేనా?

హాలోజన్ వెలుతురు 3,200 కెల్విన్ దగ్గర ఉంటుంది, పసుపు. ఈ ఎల్ఈడీలు ఎక్కువగా 6,000 నుంచి 6,500, అంటే నీలం కలిసిన తెలుపు. మన కంటికి నీలం ఎక్కువైన వెలుతురు అదే మోతాదులో ఉన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది. వయసు పెరిగినవాళ్లకి, కంట్లో శుక్లాలు మొదలైనవాళ్లకి ఆ వెలుతురు కంట్లోనే చెదిరిపోయి ఇంకా ఇబ్బంది. మా నాన్న రాత్రిళ్లు స్కూటర్ తీయడం ఎందుకు మానేశాడో నాకు చాలాకాలం అర్థం కాలేదు. "లైట్లు తట్టుకోలేకపోతున్నారా" అంటే వయసు మీద పడిందిలే అనుకున్నా. వయసుతో పాటు మన బల్బులు కూడా ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టాయి.

వానలో, పొగమంచులో కూడా కటాఫ్ లేని తెల్లటి వెలుతురు నీటి తుంపరల మీద పడి మన కళ్లకే తిరిగి వస్తుంది. సంక్రాంతికి తెల్లవారుజామున ఊరికి బయల్దేరేవాళ్లకి ఇది బాగా అనుభవమే.

చట్టం ఏమంటోంది?

మీ కారు హెడ్‌లైట్ అద్దం మీద చిన్న అక్షరాల్లో మార్కింగ్ ఉంటుంది, టార్చ్ వేసి చూడండి. హెచ్, సీ, ఆర్ అనే అక్షరాలు ఉంటే, హెచ్ అంటే హాలోజన్, సీ అంటే లో బీమ్, ఆర్ అంటే హై బీమ్. అంటే ఆ ల్యాంప్‌ని టెస్ట్ చేసి పాస్ చేసింది హాలోజన్ బల్బుతో. లోపల వేరే బల్బు పెడితే ఆ పాస్ మార్కులు చెల్లవు.

కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 106వ నియమం ఈ మిరుమిట్ల గురించే. 8 మీటర్ల దూరంలో, ల్యాంప్‌కి అర మీటరు కుడివైపు, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కళ్లు ఉన్న మనిషికి మిరుమిట్లు కొట్టకుండా వెలుతురు కిందకి వంగి ఉండాలని అందులో ఉంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పులు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. "ఎవరు పట్టుకుంటున్నారు లే" అంటారా? నిజమే, నన్నూ ఎవరూ పట్టుకోలేదు. కానీ పట్టుకోకపోవడం వేరు, తప్పు కాకపోవడం వేరు.

"అందరూ వేస్తున్నారు కదా బ్రో?"

ఈ టాపిక్ ఎత్తితే ఫ్రెండ్స్ దగ్గర వచ్చే ప్రశ్నలు నాలుగు.

ఒకటి, "ఎదుటివాడు హై బీమ్‌లో వస్తే నేనెందుకు తగ్గాలి?" ఆ వడ్ల కుప్ప దగ్గర మేం చేసింది సరిగ్గా అదే. నేను డిప్పర్ కొట్టా, బావ హై బీమ్ కొట్టాడు. ఇద్దరం సొంత మనుషులం, ఇద్దరికీ కోపం వచ్చింది, మధ్యలో మంచం మీద పడుకున్న మూడో మనిషి బతికి బయటపడ్డాడు. ఈ పోటీలో గెలిచేవాడు ఉండడు.

రెండు, "కరెంటు ఆదా, బల్బు లైఫ్ ఎక్కువ." కరెంటు మాట నిజమే. లో బీమ్‌లో రెండు హాలోజన్లు 110 వాట్లు తాగితే, ఎల్ఈడీలు 40తో సరిపెట్టుకుంటాయి. కానీ ఆ తేడా పెట్రోల్ బిల్లులో మీకు కనిపించేంత కాదు. లైఫ్ అంటారా, చిప్ బతికినా ఫ్యాన్ పోతే బల్బు పోయినట్టే. హాలోజన్ పోతే ఏ ఊళ్లో అయినా దొరుకుతుంది.

మూడు, "కొత్త కార్లకి కంపెనీయే ఎల్ఈడీ ఇస్తోంది కదా?" ఇస్తోంది. నేను ఎల్ఈడీకి వ్యతిరేకిని కాదు. ఎల్ఈడీ కోసమే డిజైన్ చేసిన హెడ్‌లైట్ చాలా మంచిది. హాలోజన్ కోసం చేసిన ఇంట్లో ఎల్ఈడీని అద్దెకి పెట్టడమే నా అభ్యంతరం.

నాలుగు, "నాది ప్రొజెక్టర్, ఏం కాదు." ప్రొజెక్టర్‌లో కటాఫ్ కోసం విడిగా అడ్డు ఉంటుంది కాబట్టి రిఫ్లెక్టర్ అంత ఘోరంగా ఉండకపోవచ్చు. అయినా వెలుతురు దూరం పోతోందా, దగ్గరే ముద్దగా పడుతోందా అన్నది గోడ మీద చూడాల్సిందే. చట్టం మాట ఎలాగూ మారదు.

మరి నేనేం చేశాను?

బల్బులు పీకేశాక నాకు మళ్లీ పాత చీకటే మిగల్లేదు. ఈ నాలుగు పనులు చేయించా, మొత్తం ఖర్చు ఎల్ఈడీ జతకి పెట్టినంతే అయింది.

మొదటిది, రిలే వైరింగ్. పాత కారులో స్విచ్, సన్నటి వైర్లు దాటుకుని బల్బు దాకా వచ్చేసరికి వోల్టేజ్ పడిపోతుంది. హాలోజన్‌కి ఇది శాపం. 13.2 వోల్టులు ఉండాల్సిన చోట 12 మాత్రమే వస్తే వెలుతురు పావు వంతుకి పైగా తగ్గిపోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజ్‌తో నేరుగా కరెంటు తెచ్చే రిలే కిట్ వేస్తే అదే బల్బు వేరేలా వెలుగుతుంది. వారంటీ ఉన్న కారైతే మాత్రం వైర్లు కోయించకండి, కప్లర్ టు కప్లర్ కిట్ గురించి కూడా ముందు సర్వీస్ సెంటర్‌లో అడగండి.

రెండోది, అద్దం పాలిష్. ఎండకి పసుపెక్కిన హెడ్‌లైట్ కవర్ వెలుతురుని మింగేయడమే కాదు, చెదరగొడుతుంది కూడా. రుద్దించి, పైన యూవీ కోటింగ్ వేయించా. రబ్బరు క్యాప్ తీసి పారేసిన పాపానికి లోపల చేరిన దుమ్ము కూడా తుడిపించాల్సి వచ్చింది. ఆ క్యాప్ మళ్లీ పెట్టేశా.

మూడోది, కొత్త హాలోజన్ జత. పాతబడిన బల్బు వెలుగు తగ్గుతుంది, అందుకే రెండూ ఒకేసారి మార్చాలి. 60/55 వాట్లలోనే మంచి కంపెనీల మెరుగైన రకాలు ఉంటాయి. 100/90 వాట్లవి మాత్రం వద్దు, హోల్డరు, వైరు కరిగిపోతాయి, రూల్ ప్రకారం కూడా తప్పే. బల్బు గాజుని వేళ్లతో ముట్టుకోకండి. చేతి జిడ్డు అంటుకుంటే అక్కడ వేడెక్కి త్వరగా పోతుంది.

నాలుగోది, అసలు ఫ్రీగా అయ్యేది, ఎయిమింగ్. చదునైన నేల మీద గోడకి 10 మీటర్ల దూరంలో కారు పెట్టి, ల్యాంప్ మధ్య భాగం నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో కొలవండి. గోడ మీద కటాఫ్ గీత అంతకంటే 10 సెంటీమీటర్లు కిందకి ఉండాలి. నా ఎడమ ల్యాంప్ ఎన్నేళ్ల నుంచో నేలని చూస్తోంది! రోడ్డు కనబడకపోవడానికి సగం కారణం అదే. వెనక సీట్లో జనం, డిక్కీలో బియ్యం బస్తా ఉంటే కారు ముందు భాగం పైకి లేస్తుంది. స్టీరింగ్ దగ్గర 0 నుంచి 3 అంకెలున్న చిన్న చక్రం ఇచ్చింది అందుకే, దాన్ని తిప్పండి.

ఇప్పుడు నా కారు ముందు పట్టపగలు లేదు. నిజం చెప్పాలంటే ఆ తెల్లటి మెరుపుని అప్పుడప్పుడూ మిస్ అవుతుంటా. కానీ దూరంగా ఉన్న మైలురాయి ముందుకంటే త్వరగా కనిపిస్తోంది, ఎదుటివాళ్లు డిప్పర్ కొట్టడం ఆగిపోయింది.

అడగాల్సింది ఎవరిని?

తప్పంతా కొన్నవాడి మీద తోసేయడం కూడా న్యాయం కాదు. బేస్ వేరియంట్ కొన్నవాడికి చీకటి తక్కువేం ఉండదు. సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్ టాప్ వేరియంట్‌లో పెట్టుకోండి, మాకేం బాధ లేదు. రోడ్డు సరిగ్గా కనిపించడం అనేది మాత్రం పై వేరియంట్ ఫీచర్ కాకూడదు. మనం కూడా కారు రివ్యూల్లో స్క్రీన్ ఎన్ని అంగుళాలని అడిగినట్టు, లో బీమ్ ఎంత దూరం పడుతోందని అడగడం మొదలుపెట్టాలి.

ప్రభుత్వం చేయగలిగింది కూడా ఉంది. జర్మనీలో 2020లో ఆస్రామ్ కంపెనీ హెచ్7 ఎల్ఈడీ బల్బుకి అనుమతి వచ్చింది. కానీ అన్ని కార్లకీ కాదు. ఏ కారు, ఏ హెడ్‌లైట్‌లో టెస్ట్ చేసి పాస్ అయిందో ఆ జాబితాలో ఉన్నవాటికే. అంటే మంచి ఎల్ఈడీ బల్బు చేయడం సాధ్యమే, కాకపోతే దాన్ని ప్రతి హెడ్‌లైట్‌తో విడిగా పరీక్షించాలి. బ్రిటన్ అయితే 2021 నుంచి, హాలోజన్ హెడ్‌ల్యాంప్‌లో ఎల్ఈడీ బల్బు కనిపిస్తే కారుని వార్షిక పరీక్షలో ఫెయిల్ చేస్తోంది. మన దగ్గర ఈ రెండు దారుల్లో ఏదో ఒకటి కావాలి. 20,000 ల్యూమెన్ల అబద్ధాన్ని డబ్బా మీద అచ్చేసి అమ్ముకోనిచ్చి, కొన్నవాడికి మాత్రం జరిమానా అంటే సగం న్యాయమే.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది ఒక్కటే. మీ కారుకి ఇప్పటికే ఎల్ఈడీ బల్బులు ఉంటే, నా మాట నమ్మి ఇవాళే పీకేయమని అనను. ఈ రాత్రి ఇంట్లో ఎవరికైనా తాళం ఇచ్చి లో బీమ్ వేయమనండి. మీరు ఒక యాభై అడుగులు ముందుకి నడిచి, బైక్ మీద కూర్చున్నంత ఎత్తులో తల పెట్టి, వెనక్కి తిరిగి మీ కారునే చూడండి. పది సెకన్లు చాలు.

నేను కొన్న రోజే ఆ పని చేసి ఉంటే, నా చక్రం ఆ పెద్దాయన మంచం దాకా వెళ్లి ఉండేది కాదు. నేను లింక్ పంపిన ఆ ముగ్గురు ఫ్రెండ్స్‌కి ఈసారి ఈ ఆర్టికల్ పంపుతున్నా.